గోడ దిగిన మెంబర్లు

నాచారంలో చెరువుకట్ట ఎలెవన్ అని ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆదివారం ఆట ఉందంటే రెండొందల మందికి తక్కువ కాకుండా వచ్చేవాళ్ళు. వాళ్ళలో క్లబ్బు మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్ళు ముప్పై తొమ్మిది మంది. మిగతావాళ్ళని తీసుకోమంటే, పెళ్ళి భోజనానికి వచ్చినవాణ్ణి పట్టుకుని పెళ్ళికొడుకువి నువ్వే అన్నట్టు చూసేవాళ్ళు.

ఆ మిగతావాళ్ళకు పెద్ద మొగిలయ్య. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో లేత్ మిషన్ మీద పని. జనగామ దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. గ్రౌండుకు ఒక పక్క మూతపడ్డ నూలుమిల్లు ప్రహరీ గోడ ఉంది. దాని మీద గాజుపెంకులు పాతి ఉండేవి. ఒకనాడు మొగిలయ్య షెడ్డు నుంచి సుత్తి తెచ్చి ఇరవై మంది కూర్చునేంత మేర వాటిని రాలగొట్టాడు. అప్పటి నుంచి అది ఆయన గోడే. మిల్లు యజమాని వచ్చినా మొగిలయ్యను జర జరగమని అడిగి ఎక్కాల్సిందే.

గోడ ఎక్కేది ఆట చూడ్డానికి కాదు. చూడ్డానికైతే గ్రౌండు చుట్టూ ఎక్కడ నిలబడ్డా కనపడుతుంది. ఎక్కేది తిట్టడానికి.

ఈ తిట్టడం మొగిలయ్య షెడ్డులో నేర్చినది. నాలుగు మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే అక్కడ మామూలు మాట చెవికి చేరదు. “కొంచెం పక్కకు జరుగు నాయనా” అంటే ఆ మాట మోతలో కలిసిపోతుంది, ఈలోపు నాయన వేలు పోతుంది. “పక్కకు సావురా దున్నపోతా” అంటే చేరుతుంది. అందుకని షెడ్డులో ఎవడి క్షేమం కోరినా తిట్టే కోరాలి. పాతికేళ్ళు అట్లా అందరి క్షేమం కోరి కోరి మొగిలయ్య గొంతు రేకును కోసే రంపంలాగా తయారైంది. ఆ గొంతునే ఆదివారం గ్రౌండుకు తెచ్చేవాడు.

ఆ తిట్లలో ఎక్కువ భాగం గోల్‌కీపర్ జీవన్‌కు పోయేవి. జీవన్ బిస్కెట్ కంపెనీలో లోడింగ్ పని చేస్తాడు. ఆరడుగుల మనిషి, చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి. ఎగిరాడంటే గద్దే. కాకపోతే వాడికి ఒక జబ్బు. బంతి అవతలి కొసకు పోయిందంటే వీడి బుద్ధి కూడా ఎటో పోతుంది. పావురాలను చూస్తాడు. చర్లపల్లి దిక్కు పోయే గూడ్సుబండికి ఎన్ని డబ్బాలో లెక్కపెడతాడు. ఒకసారి జామకాయ కొరుకుతూ ఉండగా గోల్ పడింది. అప్పుడు కూడా వాడు కాయను మాత్రం కింద పడనియ్యలేదు.

“ఓరి జీవన్‌గా! హౌలే! ఎడమకు దుంకురా ఎడమకు!” అని గోడ మీద నుంచి మొగిలయ్య అరిచాడంటే, వాడి బుద్ధి తిరిగి రాకముందే కాళ్ళు ఎడమకు దుమికేవి. అదీ పద్ధతి. తిట్టు వెంట దిక్కు ఉంటుంది. నాలుగేళ్ళుగా చెరువుకట్ట ఎలెవన్ అట్లాగే నెట్టుకొస్తోంది.

ఇక క్లబ్బు సెక్రెటరీ కామరాజు. కాకినాడ దిక్కు మనిషి, ఉప్పల్‌లో అద్దెకుంటాడు, ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. కాలేజీ రోజుల్లో ఒక ఏడాదంతా రిజర్వు ఆటగాడిగా బెంచీ మీద కూర్చుని, ఆట అంటే ప్రాణం పెట్టేసుకున్నాడు. ఆయనకు కాగితం అంటే కూడా అంతే ప్రాణం. మనిషి కనపడితే ముందు ఫారం నింపించి తర్వాత కులాసా అడుగుతాడు.

రెండువేల పదిలో, బందుల మధ్య సందు చూసుకుని ఆటలు నడిచే రోజుల్లో, లీగ్ వాళ్ళ దగ్గర నుంచి కామరాజుకు ఒక కాగితం వచ్చింది. పేరుకే ఉన్న క్లబ్బులను ఏరేస్తారట. ఆఖరి ఆటకు లీగ్ మనిషి వస్తాడు. కార్డులున్న మెంబర్లు అరవై మంది మొదటి నుంచి చివరి దాకా అక్కడ కూర్చుని ఉండాలి. ఆట కూడా ఓడిపోకూడదు, పట్టికలో చెరువుకట్ట ఎలెవన్ అంత అడుగున ఉంది మరి. ఈ రెంట్లో ఏది తప్పినా క్లబ్బు పేరు కొట్టేస్తారు. పేరు పోయిన క్లబ్బుకు గ్రౌండు ఎవడిస్తాడు? పక్కనున్న కంపెనీ ఇప్పటికే లారీలు నిలుపుకోవడానికి ఆ జాగా అడుగుతోంది.

కామరాజు ఆ ఆదివారమే ఫారాల కట్ట చంకన పెట్టుకుని గోడ కిందికి వచ్చాడు. పైన ఇరవై రెండు మంది, నలభై నాలుగు కాళ్ళు వేలాడేసుకుని ఉన్నారు. మాట్లాడాలంటే వాళ్ళ చెప్పుల అడుగులతో మాట్లాడాలి.

“ఏమండీ, యాభై రూపాయలండి. ఏడాది మొత్తానికి. కార్డిస్తాం. ఆఖరి ఆటకి షామియానా, కుర్చీ. ఏమంటారు?”

మొగిలయ్య పక్కన బిక్షపతి కూర్చున్నాడు. ఆటో నడుపుతాడు. నోటికి బ్రేకు లేదని ఆటో స్టాండులో పేరు.

“సారు, నాకో సందేహం. టీం గెలిసిందనుకో, నేనేమంట? మన టీం గెలిసిందంట. ఓడిందనుకో, కామరాజు సారు టీం ఓడిందంట. గీ సౌలత్ కార్డు తీస్కుంటె ఉంటదా?”

“ఉండదండి. అప్పుడు రెండూ మీవే.”

“మరి యాభై రూపాలిచ్చి ఉన్న సౌలత్ పోగొట్టుకుంటరా ఎవలన్న?”

గోడ మొత్తం నవ్వింది. పోశయ్య అని, బట్టీలో ఇనుము పోసే మనిషి, ఫారం చేతికి తీసుకుని తిరగేసి చూశాడు. “ఫోటో ఎందుకు సారు? ఓడినప్పుడు ఠాణాల పెడ్తరా?” అన్నాడు. ఇంకొకడు మీటింగులుంటాయా అని అడిగాడు. ఉంటాయని కామరాజు అనగానే ఫారాన్ని కిందికి వదిలేశాడు. అది గాలికి తిరుగుతూ కామరాజు భుజం మీద వాలింది.

కామరాజు తల పైకెత్తాడు. “మొగిలయ్య గారూ, మీరు తీసుకుంటే వీళ్ళందరూ తీసుకుంటారండి. మీరొక్కరు చెప్పండి, ఏంటి మీ అభ్యంతరం?”

మొగిలయ్య బీడీ ఆర్పాడు. “సారు, జీవన్‌గాడు నాకు అల్లుడి వరస. నన్ను మామా అంటడు. అల్లుణ్ణి మామ ఏమన్న అనొచ్చు, నడుస్తది. రేపు నేను కార్డు తీస్కుంటననుకో. వాడు చెరువుకట్టే, నేను చెరువుకట్టే. ఒక్క ఇంటోళ్ళమైతం. ఇంటోణ్ణి నలుగుట్ల నిలబెట్టి తిడ్తె ఎవని ఇజ్జత్ పోతది? నాదే గదా.”

“తిట్టకండి మరి.”

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఊపిరి తీసుకోకండి అన్నట్టు వినపడింది వాళ్ళకి. మొగిలయ్య ఇంకో బీడీ ముట్టించాడు. అంటే మాట అయిపోయిందని.

మూడో రోజు జీవన్ షెడ్డుకే వచ్చాడు. బిస్కెట్ కంపెనీ యూనిఫాం మీదనే ఉన్నాడు, ఒంటి నిండా వనస్పతి వాసన. మిషన్ల మోతలో వాడు చెప్పేది మొగిలయ్యకు వినపడలేదు. వాడు పెద్దలను తిట్టి మాట్లాడే రకం కాదు. చివరికి మొగిలయ్యే మిషన్ ఆపాల్సి వచ్చింది. పనివేళ ఆయన మిషన్ ఆపడం ఎవరూ చూసింది లేదు.

“మామా, క్లబ్ లేకపోతె నేనేం జెయ్యాలె?” అన్నాడు జీవన్.

“బిస్కెట్లు మొయ్యి.”

“అవి మోస్తనే ఉన్న గదా. వారమంత డబ్బలు ఎత్తి లారీల ఏస్త. నా పేరు కూడ ఎవలికి తెల్వదు ఆడ. ఓ పొడుగోడా అంటరు. ఆదివారం ఒక్కనాడే మామా, రెండొందల మంది నడుమ నా పేరు పెట్టి పిలుస్తరు.”

“పిలుస్తున్నరా? తిడ్తున్నం రా.”

“పేరు పెట్టి తిడ్తున్నరు గదా,” అన్నాడు జీవన్. పోతూ పోతూ ఒక బిస్కెట్ పాకెట్ మిషన్ మీద పెట్టి పోయాడు. పొడి పొడిగా ఉంది. కంపెనీలో పగిలినవే ఇస్తారు.

ఆ రాత్రి అన్నం తింటూ మొగిలయ్య ఈ సంగతి పెళ్ళాం సారలమ్మకు చెప్పాడు. ఆయన పెళ్ళానికి చెప్పడమంటే నాలుగు మాటలు, అవి కూడా కూర గురించి చెప్పినట్టే ఉంటాయి. సారలమ్మ విన్నది.

“నోరు కట్టేస్కోని రెండు గంటలు కూసోనీకె అంత బాధైతుందా? నేను నీతోని ముప్పై ఏండ్లు కూసోలేదా?” అన్నది.

మర్నాడు మొగిలయ్య ఫోటో దిగాడు. గోడ మీది ఇరవై ఒక్క మంది ఆయన వెనకే స్టూడియో ముందు వరస కట్టారు. స్టూడియోవాడు, ఏదన్నా కేసా అని అడిగాడట.

కామరాజు సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ముప్పై తొమ్మిదికి ఇరవై రెండు కలిస్తే అరవై ఒకటి. ఒకడు ఎక్కువే. ఆ సంతోషంలో ఆయన ఒక పొరపాటు చేశాడు. కార్డు వెనక వైపు ఖాళీగా ఉంటే బాగుండదని, తన ఆఫీసు పెద్దల రిక్రియేషన్ క్లబ్బు నిబంధనలు పన్నెండూ ఉన్నవి ఉన్నట్టు దించి అచ్చువేయించాడు. మెంబర్లు పెంపుడు కుక్కలను తీసుకురాకూడదు. పేకాట హాలులో గట్టిగా మాట్లాడకూడదు. లుంగీతో రాకూడదు. పదకొండోది ఇది: మెంబరు ఆటగాళ్ళనుగాని, అధికారులనుగాని, తోటి మెంబర్లనుగాని, అతిథులనుగాని దూషించినచో వారి సభ్యత్వము తక్షణము రద్దగును.

“ఎవడు చదువుతాడులెండి వెనకవైపు,” అన్నాడు కామరాజు.

లీగ్ మనిషి చదివాడు.

ఆఖరి ఆట నాడు ఆయన మల్కాజిగిరి నుంచి వచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. తెల్ల బూట్లు, మెడలో ఈల, జేబులో ఎర్ర సిరా పెన్ను. షామియానా కింద మొదటి వరసలో కూర్చుని ఒక కార్డు అడిగి తీసుకుని ముందు వైపు ఒకసారి, వెనక వైపు రెండుసార్లు చదివాడు. చదివి ఆ డెబ్బై ఏళ్ళ మనిషి సంతోషంతో కామరాజు చెయ్యి పట్టుకున్నాడు.

“నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా. క్రమశిక్షణ ఉన్న క్లబ్బు ఇదొక్కటే. ఇవాళ ఈ నిబంధనలన్నీ నేనే దగ్గరుండి అమలు చేయిస్తాను.”

కామరాజు మెల్లగా వెనక కుర్చీల వైపు తిరిగి చూశాడు.

గోడ మీదివాళ్ళు అప్పటికే కుర్చీల్లో ఉన్నారు. లుంగీ కూడదని కార్డు వెనక ఉందని కొడుకులు చదివి చెబితే, వాళ్ళ ప్యాంట్లే తొడుక్కొచ్చారు. పోశయ్య ప్యాంటు మీద చిరుగులుంటే, అది ఫ్యాషనని కొడుకు చెప్పాడని అందరికీ చెప్పుకుంటున్నాడు. వాళ్ళకి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడ మీదైతే వేలాడతాయి. ఇక్కడ నేల అడ్డం వస్తోంది.

అవతలి జట్టు ఉప్పల్‌వాళ్ళది. వాళ్ళలో ఎడమకాలితో కొట్టే పొట్టివాడొకడున్నాడు, పాదరసం. ఆట మొదలైన పది నిమిషాలకే ఆ పొట్టివాడు కింద పడ్డాడు. ఎవరూ తాకకుండానే పడ్డాడు. రెఫరీ ఈల ఊది వాడి వైపు ఫౌల్ ఇచ్చాడు.

“నీ కండ్లల్ల మన్ను బొయ్య! గుడ్డి గాడిదా!” అన్నాడు బిక్షపతి. అని నోరు మూసుకున్నాడు. ఆటో ఢీకొట్టాక బ్రేకు వేసినట్టు.

లీగ్ మనిషి వెనక్కి తిరిగాడు. “మీ కార్డు ఇలా ఇవ్వండి. పదకొండో నిబంధన.” ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీశాడు. “దయచేసి గ్రౌండు బయటికి వెళ్ళండి.”

బిక్షపతి లేచాడు. ఇంకేముంది, కార్డు పోయింది కదా అని వెళుతూ వెళుతూ రెఫరీని, రెఫరీ చుట్టాలను, ఈల తయారుచేసినవాణ్ణి కూడా కలిపి తిట్టి, తనివితీరా గేటు దాటిపోయాడు. ఆ తర్వాత ఆటంతా గేటు ఊచల్లోంచి “ఎంతైందే? ఎంతైంది?” అని అడుగుతూనే ఉన్నాడు.

“అరవై,” అన్నాడు కామరాజు మెల్లగా. “ఇక ఒక్కరు కూడా తగ్గకూడదండి. మొగిలయ్య గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

మొగిలయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

గోల్ దగ్గర జీవన్ మాటిమాటికీ గోడ వైపు చూస్తున్నాడు. గోడ మీద రెండు కాకులు తప్ప ఎవరూ లేరు. నాలుగేళ్ళలో వాడు ఇంత నిశ్శబ్దంలో ఆడింది లేదు. వాడికి ఏ ధ్యాసా నిలవలేదు. బంతి అవతలి కొసన ఉంది. గూడ్సుబండి వచ్చింది. వాడి పెదాలు కదలడం మొగిలయ్యకు కనపడింది. ఒకటి, రెండు, మూడు.

అప్పుడే ఆ పొట్టివాడు బంతి దొరకబుచ్చుకుని ఎడమ పక్క నుంచి ఉరికొస్తున్నాడు.

మొగిలయ్య లేచి నిలబడ్డాడు. లీగ్ మనిషి పెన్ను మూత తీశాడు. మొగిలయ్య గొంతు సవరించుకున్నాడు. కామరాజు ఎప్పుడూ మాట్లాడే పద్ధతి గుర్తు తెచ్చుకుని, ఎప్పుడూ అలవాటు లేని ఆ మాటలను ఒక్కొక్కటే బయటికి తీశాడు.

“జీవన్ గారూ... తమరు... దయచేసి... కొంచెం ఎడమ పక్కకు...”

ఆ మాట ముగిసేసరికి బంతి వలలో ఉంది. జీవన్ బంతిని చూడలేదు. మొగిలయ్యనే చూస్తున్నాడు, నోరు తెరుచుకుని.

“ఎంతైందే?” అని గేటు దగ్గర బిక్షపతి.



సగం ఆటకు విరామం ఇచ్చారు. జీవన్ నీళ్ళ సీసా కూడా అందుకోకుండా తిన్నగా షామియానా దగ్గరికి వచ్చాడు. “మామా, పానం బాగలేదా? దవాఖానకు పోదామా?” అన్నాడు.

“బాగనే ఉన్న.”

“మరి గారు అన్నవేంది నన్ను? నాకు చెమటలు పట్టినయ్. మా ఇంట్ల ఎవలన్న పోయిన్రా, గట్ల మెల్లగ చెప్పవడ్తివి అనుకున్న.”

“అన్నీ మంచిగనే ఉన్నయ్. పోయి ఆడుపో.”

వాడు పోయాడు గాని, నాలుగు అడుగులకొకసారి తిరిగి చూస్తూనే పోయాడు.

రెండో సగంలో చెరువుకట్టవాళ్ళకు కార్నర్ దొరికితే, ఎవడి తలకో తగిలి బంతి లోపలికి పోయింది. ఎవడి తలో తర్వాత వారం దాకా తేలలేదు, ముగ్గురు నాదంటే నాదన్నారు. చెరో ఒకటి. ఇట్లాగే ఇంకో ఇరవై నిమిషాలు గడిస్తే చాలు. క్లబ్బు ఉంటుంది. మొగిలయ్య అరచేతులు తొడల కింద తిమ్మిరెక్కాయి. పోశయ్య తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. కుర్చీల్లో ఉన్న గోడవాళ్ళందరూ పన్ను పీకించుకునే చోట వరసలో కూర్చున్నట్టున్నారు.

ఉప్పల్‌వాళ్ళు ఒక్కసారి మీద పడ్డారు. అందరూ ఇటు పక్కకే వచ్చేశారు. ఆ పొట్టివాడు మధ్యలో బంతి అందుకుని, కుడికి పోతున్నట్టు ఒళ్ళు వంచి ఎడమకు తిప్పాడు. జీవన్ కుడికి ఒరిగాడు.

“ఓరి...” అన్నాడు మొగిలయ్య.

ఆ మాట ఆయన అనలేదు. అదే వచ్చింది. ఎర్ర పెన్ను లేచింది. కామరాజు కళ్ళు మూసుకున్నాడు. నాలుక చివర జీవన్ పేరు వచ్చి ఉంది. దాన్ని బయటికి వదిలితే అరవై కాస్తా యాభై తొమ్మిది. మింగితే గోల్. మొగిలయ్యకు ఆ క్షణాన ఆ షామియానా కింద తనకు తిట్టే హక్కున్న మనిషి ఒక్కడే కనపడ్డాడు.

“ఓరి మొగిలిగా! హౌలే! ఎడమకు దుంకురా దున్నపోతా!”

జీవన్‌కు మొగిలిగాడెవడో తట్టలేదు. కాళ్ళకు ఆ గొంతు తెలుసు. ఎడమకు ఎగిరాడు. బంతి వేళ్ళ కొసలకు తగిలి కొయ్య పక్కగా బయటికి పోయింది.

గ్రౌండంతా అరిచింది. లీగ్ మనిషి మాత్రం లేచి మొగిలయ్య ముందుకు వచ్చాడు.

“మీ కార్డు. మీరు ఆటగాణ్ణి తిట్టారు.”

“లేదు సార్. నా పేరే మొగిలయ్య. కార్డు మీద సూడున్రి.”

ఆయన చూశాడు. ఫోటో చూశాడు. మనిషిని చూశాడు. “మిమ్మల్ని మీరెందుకు తిట్టుకున్నారు?”

“ఏం జెయ్యాలె సార్. నేను గసొంటోణ్ణి.”

లీగ్ మనిషి కార్డు వెనక్కి తిప్పి పదకొండోది మళ్ళీ చదివాడు. ఆటగాళ్ళనుగాని, అధికారులనుగాని, తోటి మెంబర్లనుగాని, అతిథులనుగాని. తనను తాను అని ఎక్కడా లేదు. రిక్రియేషన్ క్లబ్బు పెద్దలకు ఆ అవసరం వచ్చి ఉండదు. ఆయన ఇంకా చదువుతుండగానే ఉప్పల్‌వాళ్ళు కార్నర్ కొట్టారు.

“మొగిలిగా, ముందటికి రా! లత్కోర్! బంతి పట్టుకుంటవా జామకాయ పట్టుకుంటవా!”

జీవన్ ముందుకొచ్చి బంతిని గుప్పిటతో గుద్దాడు.

అప్పుడు పోశయ్య నోట్లోంచి తువ్వాల తీశాడు. “ఓరి పోశిగా! సన్నాసీ! వానికి తొవ్వ ఇడుస్తవేందిరా, అడ్డం పడు!” అని తనను తాను అరిచాడు. ఆ మాట డిఫెన్స్‌లో ఉన్న తన అన్న కొడుక్కి పోయింది, వాడు పోయి అడ్డంపడ్డాడు. ఇక ఆపేవాడెవడు? గోడవాళ్ళు ఇరవై ఒక్క మంది లేచి నిలబడి, ఎవడి పేరు వాడు పెట్టుకుని, ఎవణ్ణి వాడు తిట్టుకోవడం మొదలుపెట్టారు. పాతికేళ్ళలో ఒకరినొకరు అనుకోని మాటలు కూడా ఎవడికి వాడు అనుకున్నాడు. కొన్ని మాటల్లో ఆటతో సంబంధం లేని నిజాలు కూడా బయటపడ్డాయి. ఒకడైతే పెళ్ళాం చేత తిన్న దెబ్బల సంగతి కూడా ఎత్తుకున్నాడు. గేటు దగ్గర బిక్షపతికి ఏమీ అర్థం కాక, “ఏమైందే? కొట్టుకుంటున్నరా?” అని ఊచలు పట్టి ఊపుతున్నాడు.

చివరి నిమిషం. పొట్టివాడికి మళ్ళీ బంతి దొరికింది. ఈసారి కుడి నుంచి. మొగిలయ్య గొంతు బొంగురుపోయి మాట రావడం లేదు. అప్పుడు షామియానా కింద నుంచి, సన్నగా, కాకినాడ యాసలో ఒక గొంతు లేచింది.

“ఒరే కామరాజూ! వెధవా! కుడివైపు చూసుకోరా, కుడివైపు! ఎందుకు పుట్టావురా నువ్వు!”

జీవన్ కుడికి పడుకుని బంతిని కడుపు కింద దాచుకున్నాడు. రెఫరీ ఆఖరి ఈల ఊదాడు.

జనం అంతా గ్రౌండులోకి పోయారు. లీగ్ మనిషి పోలేదు. మెంబర్ల దగ్గర తీసుకున్న అరవై కార్డులు ఒళ్ళో పెట్టుకుని, పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. పాపం ఆయనకు అనుమానం తీరలేదు. చివరికి జీవన్‌ను పిలిపించాడు. జనం చుట్టూ మూగారు. 

“బాబూ, నిజం చెప్పు. ఈ పెద్దమనిషి నిన్ను తిట్టాడా, తనను తిట్టుకున్నాడా?”

జీవన్ మొగిలయ్యను చూశాడు. కొడుకు ప్యాంటు, చెమటకు తడిసిన చొక్కా, బొంగురుపోయిన గొంతు.

“నన్ను తిట్టలే సార్. నన్నైతే గారు అన్నడు. గందరు విన్నరు.”

లీగ్ మనిషి కార్డులన్నీ సమంగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, తన కాగితం మీద అరవై అని అంకెతో ఒకసారి, అక్షరాలతో ఒకసారి రాశాడు. సంతకం చేస్తూ, “డ్రిల్లు మాస్టారుగా చెప్తున్నా, ఇంత ఆత్మవిమర్శ నేనెక్కడా చూడలేదు,” అన్నాడు. వెక్కిరింతో మెప్పో ఎవరికీ తెలియలేదు. స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డారు. బిక్షపతిని లోపలికి రానిచ్చారు. తాను లేకుండా ఇంత జరిగిందని తెలిసి వాడు ఏడుపు ముఖం పెట్టాడు. టెంట్ హౌస్ వాడి బండి వచ్చింది. కుర్చీలు ఎత్తడానికి మనుషులు లేరు, మెంబర్లే ఎత్తాలన్నాడు కామరాజు. ఆయన మళ్ళీ అండీ గిండీలోకి వచ్చేశాడు.

మొగిలయ్య కుర్చీలు ఒకదాంట్లో ఒకటి గుచ్చుతున్నాడు. జీవన్ చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఏదో మొక్కుతాడేమో, థాంక్స్ చెబుతాడేమో అనుకున్నాడు మొగిలయ్య. వద్దులేరా అనడానికి నోరు సిద్ధం చేసుకున్నాడు కూడా.

“ఓ ముసలి గాడిదా,” అన్నాడు జీవన్.

కుర్చీలు ఎత్తేవాళ్ళు ఆగిపోయారు.

“ఏమన్నవ్ రా?”

“గా మొదటి గోల్ ఎట్ల పడ్డది? నువ్వు ఆడ నిలబడి తమరు, దయచేసి అనుకుంట, పెండ్లిపత్రిక సదివినట్టు సదువుతున్నవ్. గా ముక్క నోట్లకెళ్ళి ఎల్లేసరికి గోల్ అయిపాయె. జర బుద్ధి ఉన్నదా? నేనేమన్న నీ వియ్యంకుణ్ణా? మన క్లబ్బే పోతుండె గదా నీ వల్ల! హౌలే!”

మొగిలయ్యకు కోపం రావాలి. గోడ మీద ఉంటే వచ్చేది. వాడు అన్న ‘మన’ అనే మాట చెవిలోనే తిరుగుతూ ఉండిపోయింది. ఏదన్నా గట్టిగా అందామని వెతుక్కున్నాడు. లోపల ఉన్న తిట్లన్నీ ఇవాళ తన మీదే ఖర్చైపోయాయి.

పోశయ్య పక్క నుంచి, “మాట పడ్డవ్ మొగిలన్నా,” అన్నాడు.

“పడ్డలే,” అన్నాడు మొగిలయ్య. అయిదు కుర్చీలు భుజానికి ఎత్తుకుని, ఇంకో అయిదింటిని కాలితో జీవన్ వైపు తోశాడు.

“సరేతీయ్, గా గోల్ నాదే. ఇగ కుర్చీలు పట్టు.”